టీకా పడేదాకా దూరం

మా అమ్మాయి సెకండరీ స్కూల్లో చేరిన ఏడాదే కరోనా ఏడాది. కొత్త యూనిఫాం, కొత్త బ్యాగు, మూతికి మాస్కు. చేరిన కొన్నాళ్లకే స్కూలు నుంచి కబురు వచ్చింది. నర్సులు వచ్చి మొదటి సంవత్సరం పిల్లలందరికీ హెచ్‌పీవీ టీకా వేస్తారు, తల్లిదండ్రులు ఒప్పుకోవాలి అని. ఆడపిల్లలకు పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ముందే ఆపే టీకా అది. మగపిల్లలకు కూడా వేస్తారట. "వాళ్లకు గర్భాశయం యాడిది?" అని నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. ఆయన మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, టీకాల మీద పరాచికాలు ఆయనకు పడవు. "వైరస్ మొగోళ్లకు గూడ వస్తది, వాళ్ల నుంచి ఆడోళ్లకు వస్తది. మొదలు సంతకం పెట్టు, తర్వాత నవ్వుకో" అన్నాడు.

సంతకం పెట్టాను కానీ మనసులో ఏదో పీకుతూనే ఉంది. ఈ పరాయి దేశంలో మేముండే క్లోనీ ఊరి చుట్టుపక్కల ఉండే తెలుగు ఆడవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కరివేపాకు ఏ దుకాణంలో వచ్చిందో, ఎవరి ఇంటి లీజు అయిపోతోందో అన్నీ అందులోనే తెలుస్తాయి. ఆ వారం అందులో కరివేపాకు పోయి టీకా వచ్చింది. ఒక ఆంటీ గొంతు రికార్డు చేసి పంపింది. "పన్నెండేండ్ల పొల్లకు గది ఎందుకమ్మా? గది పెండ్లయినోళ్లకు వచ్చే రోగం. ఇప్పుడే సూది వేస్తె పిల్లకు ఏం చెప్తరు?" నిజమే, ఏం చెప్తాం అనుకున్నాను. ఇంకొకామె, మా పిల్లకు పోయినేడే వేయించాం, చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదు అంది. అదీ నిజమే అనుకున్నాను. నాకు ఎవరు ఏది చెప్పినా ఆ పూటకు అదే నిజం అనిపించే రోజులు అవి.

ఇంతలో నా సంగతి ఒకటి వచ్చి పడింది. ఇక్కడ ఆడవాళ్లకు కొన్నేళ్లకోసారి స్మియర్ టెస్ట్ చేస్తారు. గర్భాశయ ముఖద్వారం నుంచి చిన్న బ్రష్‌తో నమూనా తీసి ల్యాబుకు పంపుతారు. నాది ఎండాకాలం ముందే చేయించుకోవాల్సింది, లాక్‌డౌన్‌లో అన్నీ ఆపేశారు కాబట్టి ఆగస్టు దాకా వాయిదా పడింది. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా జీపీ, అంటే ఇంటి డాక్టరు, దగ్గర చేయించుకుని మర్చిపోయాను. అక్టోబర్‌లో ఒకరోజు వేరే మందు కోసం క్లినిక్‌కు ఫోన్ చేస్తే, నర్సు, మీ స్మియర్ ఫలితం కూడా వచ్చింది, చెప్పమంటారా అంది. చెప్పండి అన్నాను. అప్పుడు ఒక చెవిలో ఆఫీసు మీటింగ్ కూడా నడుస్తోంది.

ఈ ఏడాది నుంచి పద్ధతి మారిందట. ముందు వైరస్ ఉందా అని చూస్తారు, ఉంటేనే కణాలను చూస్తారు. నాకు హెచ్‌పీవీ వైరస్ ఉంది. కణాల్లో మార్పేమీ లేదు. ఏడాది తర్వాత మళ్లీ రావాలి. "యూ ఆర్ గ్రాండ్" అంది చివర్న, నీకేం ఫర్వాలేదు అన్నట్టు.

ఈ దేశంలో గ్రాండ్ కానిది ఏముంది? వాన కురిసినా గ్రాండే, బస్సు రాకపోయినా గ్రాండే. ఒంట్లో క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉంది, ఏడాది దాకా రావద్దు, నువ్వు గ్రాండ్! మీటింగ్ చెవిలోంచి తీసేశాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు దొరికితే మేము అడిగే మొదటి ప్రశ్న, ఇది ఏ వెర్షన్‌లో వచ్చింది, ఎవరు చేసిన మార్పుతో వచ్చింది అని. పదిహేనేళ్లుగా అదే నా అన్నం. కాబట్టి నర్సును కూడా అదే అడిగాను, ఇది నాకు ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అని. ఆమె చాలా మెత్తగా చెప్పింది. అది చెప్పలేం అంది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఎక్కువ మందికి తనంతట తనే పోతుంది, కొందరిలో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది, దీన్ని బట్టి ఎవరి నడవడినీ లెక్కగట్టకండి అంది. ఫోన్ పెట్టేశాక నాకు ఆ చివరి మాటే మిగిలింది. లెక్కగట్టకండి అని చెప్పిందంటే లెక్కగట్టేవాళ్లు ఉన్నారనే కదా.

మరుసటి రోజు నుంచి మీటింగుకూ మీటింగుకూ మధ్య పరిశోధన వ్యాసాలు చదవడం మొదలుపెట్టాను. అర్థమైనంత అర్థమైంది. ఒకచోట వైరస్ పోతుందని ఉంది. ఇంకోచోట పోయినట్టే ఉండి దాక్కుంటుందని ఉంది. టీకా వేసిన దేశాల్లో ఆ పిల్లలు పెద్దయ్యాక ఈ జబ్బు బాగా తగ్గిపోతోందని ఉంది. అన్నిట్లోనూ ఉన్న మాట ఒకటే, టీకా వైరస్ తగలక ముందే పడాలి, అందుకే ఈ వయసులో వేస్తున్నాం అని. చర్మానికి చర్మం తాకితే వస్తుంది అన్న మాట కూడా కనబడింది. ఏ చర్మం, ఎట్లా తాకితే అని ఆ పక్క వాక్యంలోనే ఉండి ఉంటుంది. నేను చదివే ఉంటాను. కానీ అప్పటికే నేను రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా పిల్లకు టీకా పడడానికి ఇంకా మూడు రోజులున్నాయి. వైరస్ ఏమో నాలో, ఈ ఇంట్లో, పిల్ల పక్కనే ఉంది.

ఆ ఏడాది అంతా రేడియోలోనూ గోడల మీదా మాకు నేర్పింది ఒక్కటే. వైరస్ అంటే దూరం. సరే, టీకా పడేదాకా దూరంగా ఉందాం అనుకున్నాను. అంత తేలిక.

మా ఇంట్లో చిన్న గది ఒకటి ఉంది, నా ఆఫీసు బల్ల అక్కడే. ఒక పరుపు తెచ్చి అందులో వేసుకున్నాను. వంటింటి అల్మారాలోంచి ఒక స్టీలు పళ్లెం, ఒక గ్లాసు తీసి విడిగా పెట్టుకున్నాను. నా తువ్వాలు వేరు, సబ్బు వేరు, బట్టలు వేరే ఉతుకు. ఇవన్నీ చేస్తుంటే నా చేతులకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మా అమ్మ ఇంట్లో ఆ మూడు రోజులు ఇట్లాగే ఉండేవాళ్లం. పళ్లెం, చాప, చెంబు అన్నీ వేరు. ఇంటర్ చదివేటప్పుడు అమ్మతో పెద్ద రచ్చ చేసి ఆ ఆచారం మానేశాను, నా కూతురికి దాని పేరు కూడా తెలియనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు ఎవరూ కూర్చోమనకపోయినా వెళ్లి మూలన కూర్చున్నాను. కోపం వచ్చింది, కానీ ఎవరి మీదో తెలియలేదు.

అమ్మాయి పొద్దున జడ వేయమని దువ్వెన పట్టుకుని వస్తే నువ్వే వేసుకో అన్నాను. మెడ మీద చేతులు వేయబోతే వెనక్కి జరిగాను. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లిషే. ఏమైంది నీకు, నేనేం చేశాను అని అడిగింది. ఏం చెప్పను? నోటికి వచ్చింది అనేశాను.

"నాకు జర జలుబయింది బిడ్డా. దూరం ఉండు."

ఆ ఏడాది జలుబు చేసిందని చెప్పడం కంటే దొంగతనం చేశానని చెప్పడం నయం. సాయంత్రానికి మా ఆయనకు తెలిసింది. ఆయన గది గుమ్మంలో మాస్కు పెట్టుకుని నిలబడ్డాడు.

"జలుబంటున్నవట? జ్వరం చూసుకున్నవా?"

"జ్వరం లేదు, ఏం లేదు. మీరు పోండి."

"మరి పళ్లెం ఎందుకు వేరే పెట్టినవ్? నీకు అనుమానం ఉంది కాబట్టే గదా. నాకు ముందుగాల చెప్పద్దా? రేపు నేను ప్లాంటుకు పోతె అందరికి అంటిస్త."

అది అనుమానమే, కాకపోతే ఆయన అనుకున్న అనుమానం కాదు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పడానికి నోరు తెరిస్తే, వాళ్ల నుంచి ఆడోళ్లకు వస్తది అని మొన్న ఆయనే అన్న మాట ముందుకు వచ్చింది. ఎవరి నుంచి? అది అడగకుండా ఇది ఎట్లా చెప్పడం? గది తలుపు వేసుకున్నాను. ఆయన ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు, జీపీకి ఫోన్ చేశాడు. నాకు కరోనా టెస్ట్ రాశారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గడప దాటొద్దన్నారు.

టీకా రోజు గురువారం. నా టెస్ట్ బుధవారం. కారు కిటికీలోంచి ముక్కులో పుల్ల పెట్టించుకుంటూ కూడా నేను గురువారం గురించే ఆలోచిస్తున్నాను. ఇంటికి వచ్చి గది లోపలి నుంచే అన్నాను.

"రేపు ఒక్క రోజు పిల్లను బడికి పంపుదం. దానికేం లేదు కదా."

"మతి ఉండే మాట్లాడుతున్నవా? ఇంట్ల నీకు జలుబుంటె పిల్లను బడికి పంపుతరా ఎవలన్న?"

"టీకా ఉంది రేపు."

"టీకా మళ్ల వేస్తరు. వారం కింద నువ్వే వద్దా, కావాల్నా అని గ్రూపుల చర్చ పెట్టినవ్. ఇప్పుడు ఏమాయె?"

ఏమాయెనో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. గురువారం మధ్యాహ్నం అమ్మాయి ఫోన్‌కు స్నేహితురాళ్లంతా భుజాల మీద ప్లాస్టర్లతో ఫొటోలు పంపారు. ఒకమ్మాయి కళ్లు తిరిగి కూర్చుండిపోయిందట, అందరూ నవ్వారట. మా పిల్ల ఆ ఫొటోలన్నీ చూసి, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. క్లాసులో నేనొక్కదాన్నే మిగిలాను, నీవల్లే అని లోపలి నుంచి అరిచింది. నేను తలుపు బయట నిలబడి, గొళ్లెం ముట్టుకోవాలా వద్దా అని చూస్తున్నాను.

శుక్రవారం ఫలితం వచ్చింది. కరోనా లేదు. ఆయన ఊపిరి పీల్చుకుని ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. నేను మాత్రం గదిలోంచి బయటికి రాలేదు. టీకా ఇంకా పడలేదు కదా.

ఆ రోజు స్లైగో అనే ఊళ్లో ఉండే అక్కకు ఫోన్ చేశాను. సొంత అక్క కాదు. మొదట్లో ఈ దేశం వచ్చినప్పుడు ఒకే ఇంట్లో అద్దెకు ఉన్నాం, ఇప్పుడు అక్కడి ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. అంతా చెప్పాను, పళ్లెం సంగతితో సహా. చివరిదాకా వింది. తర్వాత దంచి వదిలిపెట్టింది.

"నీ చదువుల మన్ను పొయ్య! పళ్లెం తోటి, తువ్వాల తోటి పిల్లకు అంటుకుంటదని ఎవలు చెప్పిన్రే నీకు? జడ ఏస్తె వస్తదా? గది మొగుడు పెండ్లాల మధ్య వచ్చేది. నువ్వు పిల్లను దగ్గరికి తీసుకుంటె ఏం కాదు. ఏమన్న అయిందంటె ఇప్పుడు అయింది, ఉన్న టీకా పోగొట్టినవ్."

"మరి నాకు ఎట్ల వచ్చింది అక్కా?"

"నాకేం తెలుసు? నీ పెండ్లికి ముందు వచ్చిందో, ఆయన పెండ్లికి ముందు వచ్చిందో, మొన్న వచ్చిందో ఏ ల్యాబు చెప్పది. మా ల్యాబు గూడ చెప్పది. నువ్వు దీని మీద ఇల్లు పీకి పందిరెయ్యకు."

నేను ఇల్లు పీకనన్నాను. ఫోన్ పెట్టేసి వెళ్లి వంటింట్లో కూర్చున్నాను. ఆయన వచ్చి బెండకాయలు తరుగుతుంటే, మొదలూ చివరా లేకుండా మొత్తం చెప్పేశాను. నర్సు చెప్పింది, ఏడాది ఆగాలన్నది, జలుబు అబద్ధం, అన్నీ. ఆయన తరగడం ఆపలేదు. చివర్న అడిగాను.

"నాకు మీరు తప్ప ఇంకెవరు లేరు. మరి ఇది ఎక్కడిది?"

అప్పుడు కత్తి పక్కన పెట్టాడు.

"అంటె, నాకు ఉన్నరని అంటున్నవా?"

"నేనేమంటలేను. అడుగుతున్న."

"పెండ్లి చూపులకు వచ్చిననాడు నువ్వు ఏం అడగలే. నేను గూడ అడగలే. జీతమెంత, ఊరేది, ఉల్లిగడ్డ తింటవా, గంతే. పదిహేనేండ్లయినంక ఇప్పుడు కూసోని అడుగుదమా? అడుగు. నేను గూడ అడుగుత."

నిజమే, మా ఇద్దరినీ మేనమామలు అడిగారు, మేం అడగలేదు. మా దగ్గర అదే పద్ధతి. ముందు బతుకు ముందుదే, దాన్ని కదిలించకపోవడమే మర్యాద. ఆయన ఉందని చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఆయన ముఖం చదవడం వచ్చుననుకున్నాను. ఆ సాయంత్రం ఏమీ చదవలేకపోయాను. తప్పు చేశానని అంటే బాగుండుననిపించింది, నిజంగా. అరవడానికి ఒక చోటు దొరికేది. ఆయన మాత్రం నావైపే చూసి, ఇంకో ప్రశ్న వేశాడు.

"నీకేం కాదు కదా?"

"గ్రాండ్ అన్నది నర్సు."

"గ్రాండ్ అంటె?"

"నాకేం తెల్సు?"

"ఏడాది దాక ఏం చేస్తరట?"

"ఏం చెయ్యరు. చూస్తరు."

ఆయన మందుల ఫ్యాక్టరీ మనిషి. అక్కడ ఏదీ తేలకపోతే పక్కన పెట్టి, తేలేదాకా బయటికి పోనివ్వరు. ఇంట్లో అట్లా కుదరదని ఇద్దరికీ అర్థమైనట్టుంది. బెండకాయలు పొయ్యి మీదికి ఎక్కాయి. అమ్మాయి వచ్చి భోజనానికి కూర్చుంది, మా ఇద్దరి ముఖాలూ చూసి పళ్లెం ముందుకు లాక్కుంది.

ఇక టీకా వెంట పడ్డాను. స్కూలుకు ఫోన్ చేస్తే, ఆ బృందం మళ్లీ ఇటు రాదు, తప్పిపోయిన పిల్లలకు వేరే చోట క్లినిక్ పెడతారు, పిలుస్తారు అన్నారు. ఎప్పుడు? చెప్పలేం. నర్సుల్లో చాలామందిని కరోనా పనికి వేశారు. వచ్చే ఏడాది కావచ్చా? కావచ్చు. రెండో డోసు సంగతి? మొదటిది పడ్డాకే. రోజూ ఫోన్ చేశాను. నా గొంతు వింటేనే అక్కడ ఫోన్ ఎత్తే ఆవిడ నిట్టూర్చేది. నా ఒంట్లో వైరస్ గురించి ఏడాది ఆగమంటే ఆగగలనేమో కానీ దీనికి ఆగలేకపోయాను. నాకు దక్కనిది నా బిడ్డకు దక్కాలి. అది తప్ప ఆ నెలలో నాకు ఇంకేదీ స్పష్టంగా లేదు. గ్రూపులో ఆంటీ ఇంకా వాదిస్తూనే ఉంది. మీరు వేయించకండి, నేను వేయిస్తున్నాను అని రాసి బయటికి వచ్చేశాను.

చివరికి పిలిచారు, ఒక శనివారం. అప్పటికి ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటొద్దనే రూలు మళ్లీ వచ్చింది. దారిలో గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపారు. ఎక్కడికి అని అడిగితే మా ఆయన, అమ్మాయికి టీకా, స్కూల్లో తప్పిపోయింది అన్నాడు. ఆ పోలీసాయన వంగి వెనక కూర్చున్న పిల్లను చూసి, ధైర్యంగా ఉండు అని పంపించాడు. ఎందుకు తప్పిపోయిందని ఆయన అడగలేదు. అడిగితే మా ఆయన ఏం చెప్పేవాడో అని మాత్రం నేను దారంతా ఆలోచించాను.

పిల్లతో ఒక్కరే లోపలికి రావాలన్నారు. ఆయన కార్లో ఉండిపోయాడు. ఏదో పెద్ద హాలు, దూరం దూరంగా కుర్చీలు, శానిటైజర్ వాసన. సూది వేసే ఆవిడ మా అమ్మాయి పేరు, పుట్టిన తేదీ అడిగి, దాని చొక్కా చెయ్యి పైకి మడిచి సూది వేసింది. అంతే. నేను ఇన్ని రోజులు పడ్డ అవస్థంతా ఆ ఒక్క పోటు కోసమేనా అనిపించి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కళ్లు తిరుగుతాయేమో, పదిహేను నిమిషాలు కూర్చుని వెళ్లండి అన్నారు.

పక్కపక్కన కూర్చున్నాం. అమ్మాయి భుజం ఒత్తుకుంటూ ఇంగ్లిషులో అడిగింది, నీకూ ఇది వేశారా అమ్మా అని.

"మాకప్పుడు ఇది లేకుండె బిడ్డా."

మరి మీకేం చేశారు అంది.

"పెద్దమనిషినైతే మూలకు కూసోబెట్టిన్రు. నువ్వులు, బెల్లం పెట్టిన్రు. తర్వాత చీర కట్టించి ఫంక్షన్ చేసిన్రు."

అది పని చేసిందా అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"చెయ్యలే" అన్నాను.

లెక్కల్లో చురుకైన పిల్ల. అంటే నీకు ఆ వైరస్ ఉందా అంది. ఉంది అన్నాను. అందుకేనా ఆ గదిలో పడుకున్నావు అంది. ఆఁ అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. మాస్కు లోపల ముక్కు కారుతోంది, తుడుచుకుంటే ఏడుస్తున్నానని తెలిసిపోతుందని ఊరుకున్నాను.

ఇప్పుడు పోయిందా అంది.

పోయిందని అనొచ్చు. నేను గ్రాండ్ అని అనొచ్చు. ఈ దేశంలో ఆ మాటను ఎవరూ తప్పు పట్టరు.

"తెల్వదు బిడ్డా. నిజంగనే తెల్వదు."

సరే అంది. తల తెచ్చి నా భుజం మీద పెట్టింది. అక్క ఏం కాదన్నా నాకు ఆ అలవాటు ఇంకా పోలేదు. తెలియదని ఇప్పుడే కదా చెప్పాను, సరిగ్గా వినలేదేమోనని నేను భుజం కొంచెం పక్కకు జరపబోయాను. అది నా చెయ్యి పట్టుకుని జరగనివ్వలేదు.